అడ్డుతెర, అంతర్‌పాట్

భైంసా పెండ్లిళ్లలో పెండ్లికొడుకు, పెండ్లికూతురు నడుమ పట్టే ఒకే బట్టకు రెండు పేర్లు వినిపిస్తాయి. తెలుగు ఇంట్లో అది అడ్డుతెర. మహారాష్ట్ర పక్కనే ఉన్న ఊరు కదా, మరాఠీ ఇంట్లో అంతర్‌పాట్. ‘అంతర్’ అంటే నడుమ, ‘పట’ అంటే బట్ట, సంస్కృతపు మాట.

మనది అచ్చతెలుగు మాట. ‘తెర’కు అల అనే అర్థం కూడా ఉంది. తమిళ ‘తిరై’, కన్నడ ‘తెరె’ కూడా ఈ రెండర్థాలనూ మోస్తాయి. గాలికి ఉబ్బే బట్ట, పొంగే నీళ్లు మన పెద్దల కంటికి ఒక్కలాగే కనిపించాయేమో అనిపిస్తుంది నాకు. ‘తెరచాప’ అన్నప్పుడల్లా ఆ రెండూ గుర్తొస్తాయి.

మేలిముసుగు పెండ్లికూతురు ఒక్కతే వేసుకుంటుంది. అడ్డుతెర ఇద్దరి చూపునూ సమానంగా ఆపుతుంది. అందుకే నాకు ఈ బట్టంటే ఎక్కువ ప్రేమ. దీనికి కొత్త బట్టే కావాలి, మరీ పలచనైతే పని జరగదు. మన దగ్గర అంచులకు పసుపు అద్దుతారు. మరాఠీవాళ్లు తెల్లబట్ట మీద కుంకుమతో స్వస్తిక్ గీస్తారు.

వేరే ఇద్దరు తెరకు చెరో కొస పట్టుకుంటారు. లగ్గం దగ్గరపడేకొద్దీ చేతులు గుంజి బట్ట నడుమన కొద్దిగా జారుతుంది. తెర కిందినుంచి పెండ్లికొడుక్కి పారాణి పాదాలు మాత్రం కనిపిస్తాయి. తెర మీదుగా చేతులు చాచి, ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. మరాఠీ పెండ్లిలోనైతే మంగళాష్టకాలు ముగియాలి. అప్పుడు తెర తీస్తారు, అక్షింతలు పడతాయి.