బొగ్గు బస్సు నుంచి విద్యుత్ కారు వరకు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ప్రత్యామ్నాయ ఇంధనాల ఆచరణీయత

1. ప్రవేశిక:

ప్రత్యామ్నాయ ఇంధనం ఈ శతాబ్దపు ఆలోచన కాదు. 1942లో బర్మా జపాన్ వశమై అక్కడి చమురు అందకుండా పోయాక, భారతదేశపు రోడ్లపై బొగ్గు వాయువుతో బస్సులు నడిచాయి. ‘బొగ్గు బస్సు’ అన్న మాట ఆ కాలపు గుర్తు. ఆ అనుభవం ఆధారంగా నేటి హైబ్రిడ్, విద్యుత్ కార్ల ఆచరణీయతను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. బొగ్గు బస్సు - పనితీరు:

బస్సుకు అమర్చిన కొలిమిలో కర్రబొగ్గును చాలీచాలని గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు పుట్టేది. దానిని చల్లార్చి, వడగట్టి ఇంజనుకు పంపేవారు. కొన్ని వాహనాలు పెట్రోలుతో బయలుదేరి ఆపై వాయువుకు మారేవి. నేటి హైబ్రిడ్ నిర్మాణం వేరైనా, ఒకే ఇంధనాన్ని నమ్ముకోకూడదన్న జాగ్రత్త రెండింటిలోనూ ఉంది. వాయువుతో ఇంజను శక్తి తగ్గేది. బొగ్గు రాజేయడం, బూడిద ఎత్తడం, విషవాయువు దగ్గర మసలడం సిబ్బంది వంతయ్యేవి. పెట్రోలు మళ్ళీ దొరకగానే ఆ పద్ధతి కనుమరుగైంది. కొరత తెచ్చిన ఇంధనం కొరతతోనే పోయింది.

3. మూడు జిల్లాల స్థితి:

సికింద్రాబాదు నుంచి కాజీపేట వెళ్ళే రైలుమార్గంపై జనగామ ఉంది. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఇల్లందు బొగ్గు కోసం వేసిన రైలు శాఖకు కూడలి. సింగరేణి గనులున్న భూపాలపల్లికి మాత్రం ప్రయాణికుల రైలు లేదు. అక్కడి రాకపోకలకు రోడ్డే ఆధారం. జనగామ నుంచి హైదరాబాదుకు సుమారు 85 కిలోమీటర్లు. ఇంట్లో చార్జింగ్ వసతి ఉండి, రోజూ ఒకే దారిలో తిరిగేవారికి విద్యుత్ కారు అనుకూలం. కాళేశ్వరం వైపు అటవీ మార్గాలలో తిరిగేవారికి, బయటి చార్జింగ్ అవసరంలేని సాధారణ హైబ్రిడ్ మేలు. అయితే అది పెట్రోలును తగ్గిస్తుందే కాని మానదు.

4. ముగింపు:

భూపాలపల్లి సమీపంలోని చెల్పూరు కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. గ్రిడ్ నుంచి చార్జ్ అయ్యే కారులో ఆ బొగ్గుకూ వాటా ఉంది. నాడు బస్సు వెనుకనున్న కొలిమి నేడు ఊరి పక్కకు చేరింది. జనగామ రోడ్డుపై పొగ లేకపోవడం నిజమైన లాభమే. చెల్పూరు పరిసరాల గాలిని లెక్కలో చేర్చకుంటే ఆ లాభం అసంపూర్ణం. కాబట్టి ఆచరణీయతను కిలోమీటరు ఖర్చుతో మాత్రమే కాక, పొగ ఎవరి వంతుకు వస్తున్నదన్న ప్రశ్నతో కూడా నిర్ణయించాలి.