గేమింగ్ ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంపు: కొనుగోలుకు ముందు పరిశీలించవలసిన అంశాలు

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని జాతీయ సాంకేతిక సంస్థ వంటి విద్యాసంస్థలకు తెలుగు రాష్ట్రాల నుంచి కూడా విద్యార్థులు వస్తారు. వారిలో చాలామందికి పాఠాలకు, ప్రోగ్రామింగ్‌కు, ఆటలకు ఒకే ల్యాప్‌టాప్ ఆధారం. 8 జీబీ ర్యామ్‌తో కొన్న యంత్రం రెండేళ్లకే కొత్త ఆటల వద్ద తడబడితే, కొత్తది కొనడం కంటే ర్యామ్ పెంచుకోవడమే చవకైన మార్గంగా కనిపిస్తుంది. అయితే 2025 చివరి నుంచి మెమరీ ధరలు గణనీయంగా పెరిగినందున, సరిపడని ర్యామ్‌ను కొంటే కలిగే నష్టం కూడా పెరిగింది. అందువల్ల ఏది కొనాలన్న నిర్ణయానికి ముందు, తమ యంత్రానికి ఏది అవసరమో, అది దేనిని స్వీకరించగలదో తేల్చుకోవాలి.

లోపం ర్యామ్‌దేనా?

ఆట నడుస్తున్న సమయంలో విండోస్ టాస్క్ మేనేజర్‌లోని పర్ఫార్మెన్స్ విభాగాన్ని పరిశీలించాలి. మెమరీ వినియోగం 90 శాతం దాటి నిలకడగా ఉండి, అదే సమయంలో డిస్క్ కూడా విరామం లేకుండా పనిచేస్తుంటే ర్యామ్ చాలడం లేదని భావించవచ్చు. మెమరీ తగినంత ఖాళీగా ఉన్నా, కొంతసేపటి తర్వాత ఆట వేగం పడిపోతుంటే కారణం వేడి కావచ్చు. మే నెలలో రాయ్‌పూర్‌లో పగటి ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. అటువంటి గదిలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ తమను తాము కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటాయి. ఫ్యాన్లలో పేరుకున్న దుమ్మును తొలగించడం అప్పుడు ర్యామ్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. విడి గ్రాఫిక్స్ చిప్‌కు ఉండే సొంత మెమరీ వేరు. ర్యామ్ పెంచినంత మాత్రాన అది పెరగదు.

తరం, స్లాట్లు

ల్యాప్‌టాప్‌లలో వాడే చిన్న ర్యామ్ పలకను సోడిమ్ అంటారు. డెస్క్‌టాప్ ర్యామ్ పొడవైనది కనుక ఇందులో అమరదు. డీడీఆర్ 4 సోడిమ్‌కు 260, డీడీఆర్ 5 సోడిమ్‌కు 262 పిన్నులు ఉంటాయి. వాటి గాటు స్థానం, విద్యుత్ అవసరం కూడా వేరు. ఒక తరం స్లాటులో మరొక తరం ర్యామ్ పనిచేయదు. ప్రాసెసర్ పేరు చూసి తరాన్ని ఊహించడం కూడా సరికాదు. ఇంటెల్ 12వ, 13వ తరం ప్రాసెసర్లు గల ల్యాప్‌టాప్‌లు రెండు రకాల మెమరీతోనూ వెలువడ్డాయి.

కొన్ని నమూనాలలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికిస్తారు. ఉదాహరణకు ఆసుస్ జెఫిరస్ జీ14 నమూనాలో 2020లో కొంత మెమరీ బోర్డుకు అతికి ఉండగా, పెంపునకు ఒక స్లాట్ ఉండేది. 2024 నమూనాలో మొత్తం మెమరీ బోర్డుకే అతికి ఉంది. అందులో పెంపునకు వీలు లేదు. కనుక ఒకే పేరుతో వచ్చిన యంత్రాలైనా, తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో పూర్తి నమూనా సంఖ్యతో వెతికి స్లాట్ల సంఖ్యను, గరిష్ఠ పరిమితిని నిర్ధారించుకోవాలి.

ఎంత సామర్థ్యం?

వాలరెంట్ వంటి ఆటకు కనీసంగా 4 జీబీ సరిపోతుందని దాని రూపకర్తలు పేర్కొన్నారు. సైబర్‌పంక్ 2077కు 2023లో సవరించిన ప్రమాణాల ప్రకారం కనీసం 12 జీబీ, సిఫారసు 16 జీబీ. హాగ్వర్ట్స్ లెగసీకి కనీస అవసరమే 16 జీబీ. ఆటతోపాటు బ్రౌజర్, వాయిస్ చాట్ కూడా నడుస్తాయి కనుక నేటి అవసరాలకు 16 జీబీ సమంజసం. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు, ఆటను ప్రత్యక్ష ప్రసారం చేయడం వంటి పనులు ఉన్నవారికి 32 జీబీ ఉపయోగపడుతుంది. వాటి అవసరం లేనివారు అంత ఖర్చు చేయనక్కరలేదు.

జంట పలకలు, వేగం

3200 వేగం గల డీడీఆర్ 4 పలక ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ సమాచారం ప్రయాణించగలదు. రెండు చానెళ్లలో రెండు పలకలు ఉంటే అది 51.2 జీబీకి చేరుతుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న యంత్రాలలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి ఒక 8 జీబీ పలక ఉండి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, అదే తరం, అదే వేగం గల మరొక 8 జీబీ పలకను చేర్చడం చాలామందికి తక్కువ ఖర్చుతో మంచి పరిష్కారం.

వేర్వేరు వేగాలు గల పలకలను కలిపితే రెండూ తక్కువ వేగానికే పరిమితమవుతాయి. 4800 వేగం వరకే అనుమతించే ల్యాప్‌టాప్‌లో 5600 పలక కూడా 4800 వద్దనే పనిచేస్తుంది. అధిక వేగానికి అదనపు ధర చెల్లించే ముందు ఈ పరిమితిని గమనించాలి.

కొనుగోలు, బిగింపు

వెనుక మూత తెరిస్తే వారంటీ వర్తిస్తుందో లేదో ముందే తయారీ సంస్థను అడగాలి. జీఎస్టీ బిల్లు తప్పక తీసుకుని, మార్పిడి గడువును అందులో రాయించుకోవాలి. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఇది ముఖ్యం.

బిగించేటప్పుడు యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, లోపలి బ్యాటరీ కనెక్టర్‌ను విడదీయాలి. పలకను ఏటవాలుగా చొప్పించి, క్లిప్పులు పట్టేవరకు కిందికి నొక్కాలి. డీడీఆర్ 5 యంత్రాలలో మొదటిసారి తెర కొన్ని నిమిషాలపాటు నల్లగా ఉండవచ్చు. కొత్త మెమరీకి అనుగుణంగా యంత్రం సర్దుకునే ప్రక్రియ అది. తర్వాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో పరీక్షించి, లోపం కనిపిస్తే మార్పిడి గడువులోగా తిరిగి ఇవ్వాలి.

ధరల నేపథ్యం

కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ కారణంగా మెమరీ తయారీదారులు ఆ రంగానికే ప్రాధాన్యం ఇస్తున్నారు. నవా రాయ్‌పూర్‌లోనూ అటువంటి డేటా కేంద్ర పార్కుకు 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది డిసెంబరులో మైక్రాన్ సంస్థ, సాధారణ వినియోగదారులకు ర్యామ్ విక్రయించే తన క్రూషియల్ వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించింది. ఈ పరిస్థితిలో ఉన్న పలకను తీసివేసి పెద్దది కొనడం కంటే, దానికి సరిపోయే జతను చేర్చడమే విద్యార్థి బడ్జెట్‌కు అనువైన మార్గం.