హాలీ రూపాయి – నల్లగొండ ధరలు

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల 1940 ప్రాంతపు పద్దులను శోధించువారు ధరకంటె ముందు నాణెమును చూడవలయును. అచ్చట చెల్లినది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆఱు కలదారు రూపాయలకు సమానము. నల్లగొండ సీమ నడుమనున్న మునగాల పరగణా నాఁడు కృష్ణాజిల్లాలోనిది, అచ్చటిది కలదారు. కావున 14 రూపాయల జొన్నలు పొలిమేర దాటఁగనే 12 రూపాయలకు దిగినట్లు తోచును. తగ్గినది ధర కాదు, మాఱినది నాణెము. సర్కారీ పద్దులలోని యేండ్లును ఫసలీలే: 1350 ఫసలీ యనఁగా 1940-41. ఈ రెండును మఱచి కరవుకాలపు ధరలను పోల్చిన వ్రాతలు నాకు నమ్మదగినవిగాఁ దోఁపవు. వార్తలకు 1926లో వెలసిన సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రికయు, వినోదమునకు వీథిభాగవతములును గలవు. 1950లో భారత రూపాయి వచ్చినను హాలీ చెల్లుబడి 1959 వఱకు సాగెను. 1955 నాఁటి పద్దునందు సైతము రూపాయి యేదియో ముందు తేల్చుకొనవలయును.