ఇంటి బీమా కాగితంలోకి కుక్క ఎలా వచ్చింది?



మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. కిందటేడు ఒక ఇల్లు అద్దెకు చూసుకుంది. తాళంచెవి ఇచ్చేముందు ఇంటివాళ్ళు, అద్దెకుండేవాళ్ళు తీసుకునే బీమా ఒకటుంటుంది, అది తీసుకుని కాగితం చూపించమన్నారుట. దరఖాస్తులో ఒక ప్రశ్న: కుక్క ఉందా? ఉంటే ఏ జాతి? ఈ పిల్ల దగ్గర జర్మన్ షెపర్డు ఉంది. నాకు ఫోను చేసి, “పిన్నీ, అమ్మేమో ఆ గడి ఖాళీగా వదిలెయ్యమంటోంది. అసలు ఇంటి బీమాకీ నా కుక్కకీ ఏమిటి సంబంధం?” అంది.

ఏం చెప్పను? నాకూ తెలియదు. తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసిందేమంటే, దీని వెనక మూడు వందల ఏళ్ళ పైచిలుకు కథ ఉంది.

1666 సెప్టెంబరు 2 తెల్లవారుజామున లండనులో పుడ్డింగ్ లేన్ అనే సందులో ఒక రొట్టెలవాడి ఇంట్లో నిప్పంటుకుంది. నాలుగు రోజుల్లో 13,000కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ తర్వాతే, 1680 ప్రాంతంలో, నికొలస్ బార్బన్ అనే ఆయన ఇళ్ళకు అగ్ని బీమా మొదలుపెట్టాడు. చదివింది వైద్యం, చేసింది ఇళ్ళు కట్టించే వ్యాపారం! ఆయన లెక్క చాలా సూటి. ఇటుక ఇంటికి ఒక రేటు, కొయ్య ఇంటికి దానికి రెట్టింపు. అంటే ఇంటి గోడ చూసి డబ్బు కట్టించుకోవడం మొదటిరోజునుంచీ ఉన్నదే.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన స్నేహితులు కలిసి 1752లో ఫిలడెల్ఫియాలో ఇలాంటి సంఘమే పెట్టారు. నాకు బాగా నచ్చిన ముచ్చట ఇక్కడే ఉంది. 1781లో ఆ సంఘంవాళ్ళు, ముందు చెట్టున్న ఇళ్ళకు బీమా ఇవ్వం పొమ్మన్నారు. ఇల్లు అంటుకుంటే చెట్టు అడ్డమని వాళ్ళ భయం. నీడకోసం పెంచుకున్న చెట్టు కొట్టుకోమంటే ఎవరికి మనసొప్పుతుంది? చెట్లవాళ్ళందరూ కలిసి 1784లో వేరే కంపెనీ పెట్టుకున్నారు. కొంచెం డబ్బు ఎక్కువ కడతాం, చెట్టు మాత్రం ఉండాలన్నారు. వాళ్ళ గుర్తు పచ్చని చెట్టు. బీమా ఉందని తెలియడానికి ఇంటిగోడకు ఆ చెట్టు బొమ్మ ఉన్న బిళ్ళ కొట్టేవారు. ఫిలడెల్ఫియా పాత వీధుల్లో అలాంటి బిళ్ళలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంతవరకూ అంతా నిప్పు గొడవే. కుక్క ఎక్కడా లేదు.

కుక్క కథ న్యాయస్థానంలో వేరేగా నడిచింది. ఇంగ్లీషువాళ్ళ పాత న్యాయం ప్రకారం, కుక్క కరిస్తే యజమాని డబ్బివ్వాలంటే, అది కరిచే కుక్కని ఆయనకు ముందే తెలుసునని రుజువు కావాలి. అందుకే ప్రతి కుక్కకూ మొదటి కాటు ఉచితమని హాస్యానికి అనేవారు. 1865లో అక్కడ ఒక చట్టం వచ్చింది. కుక్క గొర్రెనో పశువునో కరిస్తే ఆ రుజువు అక్కర్లేదని. మనిషిని కరిస్తే మాత్రం పాత పద్ధతే! ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. అమెరికాలో కాలిఫోర్నియా 1931లో చట్టం మార్చి, మొదటి కాటుకు కూడా యజమానిదే బాధ్యత అంది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారే పట్టాయి.

ఈ రెండు కథలూ 1950లో కలిశాయి. అంతకుముందు అమెరికాలో నిప్పుకొక పాలసీ, దొంగతనానికొకటి, ఇతరులకు మనవల్ల జరిగే నష్టానికి ఇంకొకటి తీసుకోవలసి వచ్చేది. ఆ సంవత్సరం ఫిలడెల్ఫియాలోని ఒక పాత కంపెనీయే వీటన్నిటినీ ఒకే కాగితంలో కట్టి ఇంటిగలవారి పాలసీ అని అమ్మింది. మెట్లమీద పోస్టువాడు జారిపడ్డా, కుక్క పక్కింటి పిల్లాణ్ణి కరిచినా, ఆసుపత్రి ఖర్చూ కోర్టు ఖర్చూ ఆ కాగితమే చూసుకుంటుంది. తర్వాత అద్దెవాళ్ళ పాలసీలోకీ ఈ బాధ్యత వచ్చింది. కుక్క గుమ్మం దాటి బీమాలోకి వచ్చింది ఇలాగన్నమాట.

డబ్బు ఇవ్వవలసివచ్చేసరికి కంపెనీలు జాబితాలు రాసుకున్నాయి. పిట్ బుల్, రాట్‌వైలర్, డాబర్‌మన్, కొన్నిచోట్ల జర్మన్ షెపర్డు కూడా. ఆ జాతి అంటే చాలు, వద్దుపొమ్మనడమే. జన్మలో ఎవరినీ కరవని కుక్కయినా సరే. ఇది అన్యాయమని పెంచుకునేవాళ్ళు పోరాడగా, 2021లో న్యూయార్కు, నెవాడా రాష్ట్రాలు జాతి పేరు చెప్పి ఇంటి బీమా కాదనకూడదని చట్టం చేశాయి. ఫలానా కుక్క ప్రమాదకరమని తేలితే అది వేరే సంగతి. న్యూజెర్సీ పిల్లకు ఈ చట్టం అక్కరకు రాలేదు పాపం.

మన దగ్గరా కుక్కను అదుపులో పెట్టకపోతే శిక్ష ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 289వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయసంహితలో 291 అయింది. ఆరు నెలలవరకు జైలు, లేదా అయిదు వేల రూపాయలవరకు జరిమానా, లేదా రెండూను. అపార్ట్‌మెంట్లలో కుక్కల్ని పెంచే తల్లులు ఇది గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇక మా పిల్లకు నేను చెప్పింది ఒకటే. “అమ్మడూ, ఆ గడి వదిలెయ్యకు. రేపు నిజంగా కరిస్తే, నువ్వు దాచావని కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆ దేశంలో ఆసుపత్రి బిల్లు నువ్వు కట్టగలవా?” అన్నాను. మా అక్కకు కోపం వచ్చింది. “చిన్నదాని పనికి అడ్డంపడతావేమే” అని రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

పిల్ల నిజమే రాసింది. రెండు కంపెనీలు కాదన్నాయి. మూడోవాళ్ళు జాతి అడిగాక, ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా అని కూడా అడిగారుట. లేదంది. కొంచెం ఎక్కువ ప్రీమియంతో కాగితం ఇచ్చారు. ఇల్లు దొరికింది. కుక్క అక్కడే ఉంది.