దివాన్ దేవిడీ నుంచి జోడేఘాట్ దాకా

హైదరాబాద్ పాతబస్తీలో ఈనాడు బట్టల టోకు దుకాణాలతో కిక్కిరిసిపోయి, పాత కమాన్లు తప్ప పెద్దగా ఆనవాళ్లు మిగలని దివాన్ దేవిడీ, 1853 నుంచి 1883 వరకు నిజాం రాజ్యానికి దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ నివాసం. 1865లో ఆయన జిల్లాబందీని, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి గుత్తేదారుల స్థానంలో జీతగాళ్లైన అధికారుల చేత శిస్తు వసూలు చేయించే పద్ధతిని, అమల్లోకి తెచ్చాడు. గుత్తేదారుల దోపిడీతో నలిగిపోయిన మైదానపు రైతుకు ఈ సంస్కరణ నిజంగానే కొంత ఊరట ఇచ్చింది. అయితే సర్వే జరిగి ప్రతి కమతానికీ ఒక పట్టాదారు పేరు రాసుకున్న ఆ కొత్త లెక్కల్లో, ఎవరి పేరూ ఎక్కని నేలంతా సర్కారుదే అయిపోయింది. తెలంగాణలో చెట్టుకూ నాగలికీ మధ్య నూరేళ్లకు పైగా సాగుతున్న తగవుకు మూలం అక్కడే ఉంది.

అడవుల పాలన కూడా ఆ సంస్కరణల వెంటే రూపు దిద్దుకుంది. ఉర్దూలో ఆ శాఖను జంగ్లాత్ అనేవారు, ఊళ్లలో దాని సిబ్బందికి జంగ్లాతోళ్లనే పేరు నిలిచిపోయింది. టేకు, నల్లమద్ది వంటి విలువైన జాతులను సర్కారు తన కింద పెట్టుకుని, 1326 ఫసలీలో, అంటే ఆ రెవెన్యూ సంవత్సరానికి 590 కలిపితే వచ్చే 1916 ప్రాంతంలో, అటవీ చట్టం చేసి రక్షిత అడవుల సరిహద్దులను బిగించింది. కలపకూ రైలు పట్టాల కింది దిమ్మెలకూ గిరాకీ పెరుగుతున్న కాలంలో అడవిని కాపాడాలనుకోవడం తప్పు కాదు. తప్పు గీత గీసిన తీరులో ఉంది.

ఆ తీరు అర్థం కావాలంటే ఆదిలాబాద్ గుట్టల మీది గోండు రైతు చెలకను దగ్గరగా చూడాలి. చెలక అంటే వానమీదే ఆధారపడే తేలికపాటి ఎర్రనేల. దానిలో సత్తువ తక్కువ కాబట్టి రెండు మూడేళ్లు జొన్నో, చిరుధాన్యాలో పండించాక రైతు దాన్ని కొన్నేళ్లు బీడు పెట్టి పక్క చెలకకు నాగలి మార్చేవాడు. బీడులో గడ్డి, తుప్పలు, చిన్న మొక్కలు లేచి పశువులకు మేత అయ్యేవి, నేల తిరిగి కోలుకునేది. చెలక నడుమ ఇప్పచెట్టు ఉంటే దాన్ని నరికేవాడు కాదు, నాగలిని దాని చుట్టూ తిప్పి దున్నేవాడు. ఎందుకంటే ఎండాకాలంలో రాలే పువ్వు తిండికీ సారాకూ, గింజ నూనెకూ పనికివచ్చేవి. కాబట్టి ఈ సేద్యంలో చెట్టుకు చోటు లేదనడం సరికాదు. బీడు కూడా ఇందులో భాగమే, అది విశ్రాంతి తీసుకుంటున్న పొలం. కానీ హద్దురాళ్లు నాటడానికి వచ్చిన సిబ్బందికి ఆ ఏడు నాగలి పడని నేల తుప్పలు మొలిచిన ఖాళీ భూమిగానే కనిపించింది, కాగితం మీద అడవిగా నమోదైంది.

ఫలితంగా చాలా ఊళ్లు ఆ ఏడాది దున్నిన నాలుగు చెలకలతో మిగిలి, చుట్టూ రక్షిత అడవితో ద్వీపాల్లా అయిపోయాయి. మార్చి దున్నడానికి నేల లేక ఉన్న నేలనే ఏటా దున్నితే పంట పడిపోయింది, గీత దాటి పాత బీడును దున్నితే అది నేరమైంది. కొందరికి పట్టా లేకుండా ఏడాదికేడాది శిస్తు కట్టించుకుని సాగుకు ఒప్పుకునే సివాయి జమాబందీ పద్ధతి ఉండేది గాని, అది హక్కు కాదు, ఎప్పుడు కాదన్నా అడిగే దిక్కు లేదు. మేతకూ వంటచెరకుకూ బంబ్రాం, దుప్పపెట్టి పేర్లతో పన్నులు ఉండేవి. 1920ల చివరికి కాజీపేట-బల్హార్షా రైలుమార్గం పూర్తయి బయటివారి రాక పెరిగాక, సర్వే నంబరంటే ఏమిటో, అర్జీ ఎక్కడ పెట్టాలో తెలిసినవారు మంచి నల్లరేగడి భూములకు పట్టాలు రాయించుకున్నారు, తరాలుగా దున్నినవారు వాటిలోనే కౌలుదార్లయ్యారు.

బాబేఝరీ, జోడేఘాట్ ప్రాంతంలో అడవి సిబ్బంది గుడిసెలు తగలబెట్టి గోండులను, కోలాములను వెళ్లగొట్టడం, సాగు అనుమతి కోసం పెట్టుకున్న అర్జీలకు ఫలితం లేకపోవడం గోండు నాయకుడు కొమురం భీం తిరుగుబాటుకు దారితీశాయి. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో ఆయన, ఆయన అనుచరులు మరణించారు. అదే కాలంలో హైదరాబాద్‌లో ఉన్న మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండుల ఊరైన మార్లవాయిలో మకాం పెట్టి, ఈ అలజడికి కారణం భూమేనని సర్కారుకు స్పష్టం చేశాడు. ఆయన సూచనల మీద 1940లలో సుమారు 1,60,000 ఎకరాలకు గిరిజనుల పేర లావణి పట్టాలు, అంటే సర్కారు భూమిని సాగుదారుకు ఉచితంగా కేటాయించే పట్టాలు, దక్కాయి. రాజ్యం కోరుకుంటే గీతను వెనక్కి జరపడం సాధ్యమేనని చూపినందుకు ఈ ఘట్టానికి చరిత్రలో ప్రత్యేక స్థానం ఉండాలి. అయితే అది ఒక ప్రాంతానికి పరిమితమైన సవరణే.

అందుకే తెలంగాణ రాష్ట్రంలోనూ ఆ తగవు తప్పలేదు. 2015 జూలై 3న చిలుకూరులో మొదలైన ప్రభుత్వ మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం, రాష్ట్ర విస్తీర్ణంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచడానికి 230 కోట్ల మొక్కలు నాటాలని సంకల్పించింది. రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద ఆ మొక్కలు మంచే చేశాయి. కానీ రికార్డులో అడవిగా ఉండి వాస్తవంలో పోడు, అంటే అడవి నేల కొట్టి చేసుకున్న సాగు, ఉన్నచోట అటవీ శాఖ కందకాలు తవ్వి మొక్కలు నాటబోతే పాత తగవు మళ్లీ లేచింది. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గరి సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన అధికారిణి మీద కర్రలతో దాడి జరిగింది. ఆ దాడిని సమర్థించలేము. కానీ విత్తనం వేసే అదునులోనే మొక్క నాటే అదును కూడా వస్తుందనీ, తొలకరి తడికి ట్రాక్టరు ఏ పనికి కదిలితే ఆ ఏటి నేల ఆ పనిదే అవుతుందనీ గమనించనిదే ఆ కోపం అర్థం కాదు.

ఇలాంటి తగవు సముద్రాల అవతల వేల్స్‌లోనూ వచ్చింది. కొత్త సాయం పథకంలో చేరాలంటే పొలంలో కనీసం 10 శాతం చెట్లు ఉండాలని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించగా, 2024 మార్చిలో రైతులు కార్డిఫ్‌లోని శాసనసభ మెట్ల మీద 5,500 జతల బూట్లు పేర్చి నిరసన తెలిపారు. పథకాన్ని వాయిదా వేసిన ప్రభుత్వం ఆ ఏడాది చివరికల్లా షరతును వదులుకుంది. గొర్రెల మేతభూమిని నమ్ముకున్న కుటుంబ సేద్యాన్ని నిలబెట్టాలన్న వాదన అక్కడ త్వరగా చెవికెక్కడానికి ఒక కారణం, ఆ భూమి పొలమేనన్న విషయంలో ఎవరికీ పేచీ లేకపోవడం. ఆదిలాబాద్‌లో పేచీ అంతా అక్కడే.

ఆ పేచీని తీర్చడానికే 2006లో కేంద్రం అటవీ హక్కుల చట్టం తెచ్చింది. దాని ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి, కుటుంబానికి 4 హెక్టార్లు మించకుండా, భార్యాభర్తలిద్దరి పేర పట్టా ఇవ్వాలి, దాన్ని పిల్లలకు ఇవ్వవచ్చు గాని అమ్మకూడదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి తెలంగాణ ప్రభుత్వం 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాల పంపిణీ చేపట్టింది. భీం నేలకు ఆ కాగితం చేరడానికి ఎనభై ఏళ్లు దాటింది. అయినా ఆ పట్టాకు ఆధారం ఒక తేదీ నాటి సాగే కాబట్టి, ఆ ఏడు బీడు పెట్టిన చెలక తనదేనని నిరూపించుకోవడం గోండు రైతుకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.