కవల కాన్పు: ధర్మశాస్త్రం, వైద్యం, మన బాధ్యత

కవలలు పుట్టారని వినగానే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని ఒంటి కాన్పుకంటె కవల కాన్పు తల్లికి ఎక్కువ ప్రమాదకరమన్న సంగతి ఆ సంతోషంలో మరుగున పడిపోతుంది. ఆ ప్రమాదంలో పెద్ద భాగం మొదటి బిడ్డకూ రెండవ బిడ్డకూ నడుమ ఉన్న వ్యవధిలోను, ఆ వెంటనే వచ్చే గంటలలోను పొంచి ఉంటుంది. ఈ వ్యవధిని గురించి మన ధర్మవేత్తలు, వైద్యులు ఎన్నో శతాబ్దాలకు పూర్వమే ఎంత శ్రద్ధగా ఆలోచించారో పాఠకులు గమనించవలసి ఉన్నది.

గర్భవతుల ఇద్దత్ ప్రసవంతో ముగుస్తుందని దివ్య ఖుర్ఆన్ 'తలాఖ్' సూరా 4వ ఆయత్ నిర్దేశిస్తున్నది. మరి గర్భంలో ఇద్దరుంటే? చివరి బిడ్డ భూమి మీద పడేవరకు ఇద్దత్ ముగియదని హనఫీ ఇమాములు ముక్తకంఠంతో చెప్పారు. నిఫాస్ విషయంలో మాత్రం భేదాభిప్రాయం కలిగింది. అది మొదటి బిడ్డతోనే మొదలవుతుందని ఇమామ్ అబూహనీఫా, ఇమామ్ అబూయూసుఫ్ భావించగా, చివరి బిడ్డతో మొదలవుతుందని ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయపడ్డారు. ఇద్దరు బిడ్డల నడుమ వ్యవధి ఉంటుందనీ, ఆ వ్యవధిలో తల్లి స్థితి ప్రత్యేకమైనదనీ గుర్తించనిదే ఇటువంటి చర్చకు తావే ఉండదు.

వారసత్వ శాస్త్రంలోనూ ఇదే దూరదృష్టి కనిపిస్తుంది. తండ్రి మరణించేనాటికి శిశువు గర్భంలో ఉంటే ఎంత వాటా నిలిపి ఉంచాలి? నలుగురు బిడ్డల వాటా ఉంచాలని ఇమామ్ అబూహనీఫా అన్నారు. ఒక్క బిడ్డ వాటా ఉంచి, ఎక్కువమంది పుడితే సర్దుబాటు చేస్తామని మిగతా వారసుల నుండి హామీ తీసుకోవాలని ఇమామ్ అబూయూసుఫ్ అన్నారు. ఫత్వా ఈ రెండవ అభిప్రాయం మీదనే ఉన్నది. సజావందీ రచించిన 'సిరాజియ్యా'లో ఇది వివరంగా ఉన్నది. ఆ గ్రంథాన్ని సర్ విలియం జోన్స్ 1792లో ఆంగ్లంలోకి అనువదించాడు. ఇంకా కళ్ళు తెరవని రెండవ బిడ్డ హక్కును సైతం షరీఅత్ మరువలేదన్నమాట.

ఇక వైద్యుల సంగతి. కార్డోబా నగరానికి చెందిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013) తన 'కితాబుత్తస్రీఫ్' ముప్పయ్యవ భాగంలో శస్త్రచికిత్సను వివరిస్తూ, మంత్రసానులకు ప్రత్యేకంగా బోధ చేశాడు. బిడ్డ కాళ్ళతో వచ్చినా, చేయి ముందు జారినా, అడ్డం తిరిగినా ఏమి చేయాలో చెప్పాడు. కవలలు తరచు పుడతారని, ముగ్గురూ నలుగురూ పుట్టడం అరుదని రాశాడు. మంత్రసాని తొందరపడక, మృదువుగా, నేర్పుతో మెలగాలని హెచ్చరించాడు. 12వ శతాబ్దంలో ఈ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి ఐరోపా వైద్యులకు పాఠ్యమైంది.

నేటి వైద్యం ఆ హెచ్చరికకు కారణాలను స్పష్టంగా చెబుతున్నది. మొదటి బిడ్డ బయటపడగానే గర్భాశయంలో చోటు ఏర్పడి, రెండవ బిడ్డ అడ్డం తిరగవచ్చు. బిడ్డకంటె ముందే బొడ్డుతాడు జారి, ప్రాణవాయువు అందక పోవచ్చు. రెండవ బిడ్డ లోపల ఉండగానే మాయ విడిపోవచ్చు. ఇద్దరిని మోసి మితిమీరి సాగిన గర్భాశయం కాన్పు తర్వాత గట్టిగా ముడుచుకోకపోతే, తల్లికి రక్తస్రావం ఆగదు. బిడ్డలిద్దరూ క్షేమంగా పుట్టిన తర్వాత కూడా తల్లి చనిపోవడానికి ఇది ముఖ్య కారణం.

మన కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు కాన్పులన్నీ ఇంటనే, మంత్రసాని చేతి మీదుగానే జరిగేవి. కడుపులో ఇద్దరున్నారని మొదటి బిడ్డ పుట్టాకగాని తెలియని సందర్భాలుండేవి. అప్పుడు బండి కట్టి బయలుదేరినా కాలం మించిపోయేది. ఈ కష్టం పల్లెలకే పరిమితం కాదు. హైదరాబాదు రాజప్రాసాదంలో నిలోఫర్ యువరాణి పరిచారిక ఒకరు 1949లో కాన్పు కష్టంతో మరణించారు. ఆ దుఃఖమే 1953లో నిలోఫర్ ఆసుపత్రి రూపం దాల్చింది. దుఃఖాన్ని ఖద్ర్ అని సరిపెట్టుకోక, ఇతర తల్లులకు ఆసరాగా మార్చిన ఉదాహరణ ఇది.

ఈనాడు సాకులకు తావు తక్కువ. స్కానింగ్ ద్వారా కవలలని నెలల ముందే తెలుస్తున్నది. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలయింది. కంచికచర్ల హైదరాబాదు - విజయవాడ రహదారి మీదనే ఉన్నది. అయినా కవల కాన్పుకు రోడ్డు ఒక్కటే చాలదు. శస్త్రచికిత్స, రక్తనిధి ఉన్న ఆసుపత్రి ఏదో ముందే నిశ్చయించుకోవాలి. రక్తమిచ్చేవారిని ముందే సిద్ధం చేసుకోవాలి. నొప్పులు మొదలయ్యాక పెద్దల అనుమతి కోసం నిరీక్షించరాదు.

కాన్పులో మరణించిన విశ్వాసినికి షహీద్ హోదా లభిస్తుందని మహాప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అది గతించిన తల్లికి దక్కే గౌరవమే గాని, బతికున్న భర్తకూ అత్తమామలకూ అజాగ్రత్తకు లభించిన అనుమతి కాదు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవులను కాపాడినట్లేనని ఖుర్ఆన్ బోధిస్తున్నది. కవల కాన్పులో కాపాడవలసిన ప్రాణాలు మూడు. మొదటి బిడ్డ ఏడుపు వినగానే అజాన్ చెప్పి, మిఠాయి పంచే తొందరలో మిగతా రెండు ప్రాణాలను మరువకూడదు. చివరి బిడ్డ పుట్టేవరకు ఇద్దత్ ముగియదని మన ఇమాములు చెప్పిన మాట న్యాయసూత్రం. తల్లి రక్తస్రావం ఆగి, ఆమె తేరుకునేవరకు మన బాధ్యత కూడా ముగియదు.