ఇది దేని ఎముక సార్?

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుదారిలో ఉన్నాయి. ఆ దారి బెంగళూరుకు పోతుంది. పంటి ఇంప్లాంట్ కోసం ఆ రైలెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కడ చూపించుకున్నా, ‘దవడలో ఎముక చాలదు, గ్రాఫ్ట్ పెట్టాలి’ అని డాక్టరు అన్నప్పుడు మనవాళ్లు తప్పక అడగాల్సిన మాట ఒకటుంది: ఇది దేని ఎముక సార్?

ఆ ప్రశ్న పాతదే. 1668లో అచ్చయిన తన పుస్తకంలో డచ్ వైద్యుడు వాన్ మీకెరెన్ ఒక సంగతి రాసిపెట్టాడు. తలకు కత్తిదెబ్బ తగిలిన ఒక రష్యన్ ప్రభువుకు కుక్క పుర్రె ముక్కతో అతుకు వేశారు. గాయం మానింది గానీ, చర్చి అతన్ని వెలివేసింది. పాపం, మానిన తలలోంచి ఆ ముక్కను తీసేయమని అతనే అడగాల్సి వచ్చింది.

1880లో గ్లాస్గోలో మాక్యూవెన్, రికెట్స్‌తో కాళ్లు వంగిన పిల్లలకు ఆపరేషన్ చేసినప్పుడు తీసిన ఎముక ముక్కలతో మరో పిల్లవాడి చేతి ఎముకను నిలబెట్టాడు. 1892లో జర్మనీలో డ్రీస్‌మన్ ఎముక గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. మొదటి ప్రపంచయుద్ధంలో దవడలు ఛిద్రమైన సైనికులకు వాళ్ల సొంత ఎముకే దిక్కయింది.

పన్ను పోయాక చిగురు కింది ఎముక గట్టు ఏడాదిలో సగం దాకా సన్నబడుతుంది. కట్టుడు పళ్లతో ఎలాగో నెట్టుకొచ్చేవారు. 1965లో గోథెన్‌బర్గ్‌లో బ్రోనెమార్క్ మనిషి దవడలో టైటానియం స్క్రూ బిగించాక ఆ గట్టుకు విలువ వచ్చింది. అదే ఏడాది అమెరికాలో యూరిస్ట్, ఖనిజం తీసేసిన ఎముక కూడా కొత్త ఎముకను పుట్టించగలదని చూపాడు. 1980లో బోయిన్, జేమ్స్ పై దవడ సైనస్ కింద తుంటి ఎముక నింపే పద్ధతిని ప్రచురించారు. తుంటి కోత పంటికంటే ఎక్కువ బాధ. అందుకే సీసాలో దొరికే ఎముక పొడి గెలిచింది.

ధర్మవరం నేతగాళ్లకైతే ఒక్క మాట చాలు: గ్రాఫ్ట్ పడుగు, పేక వేసేది మన ఒళ్లే. పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉండే తెల్లటి రవ్వను మన నెత్తురుతో తడిపితే తడి ఇసుకలా ముద్దకడుతుంది. దాన్ని గుంటలో నింపి, పల్చటి పొర కప్పి, కుట్లు వేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలల్లో ఆ రవ్వల సందుల్లోకి కొత్త ఎముక అల్లుకుంటుంది.

ఎక్కువ పేరున్న రవ్వల్లో ఒకటి ఆవుజాతి ఎముక నుంచి తీసినది. మాంసకృత్తులన్నీ పోగొట్టి ఖనిజం మాత్రమే మిగులుస్తారు కాబట్టి వైద్యపరంగా మంచిదే. కానీ ఆ సంగతి ముందే తెలిస్తే వద్దనే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. పైన కప్పే కొల్లాజెన్ పొర కొన్నిసార్లు పందిది, అదీ వద్దనేవాళ్లున్నారు. దేనిదో చెప్పకుండా పెట్టడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే వేరే దారులున్నాయి. ముంబయి టాటా మెమోరియల్‌లో 1988 నుంచి టిష్యూ బ్యాంకు ఉంది. దాతల ఎముకను వికిరణంతో శుద్ధి చేసి ఇస్తారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ హైడ్రాక్సీ అపటైట్ సిరామిక్ ఎముక పదార్థాలను రూపొందించింది. ప్రయోగశాలలో చేసిన ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నెమ్మదిగా కరిగి ఎముకకు చోటిస్తుంది. హైడ్రాక్సీ అపటైట్ ఏళ్లపాటు నిలుస్తుంది. ఫ్రాన్స్‌లో షుక్రూన్ 2001లో చెప్పిన పద్ధతిలో రోగి నెత్తురునే తిప్పి, పసుపుపచ్చని ఫైబ్రిన్ గడ్డ తీసి కలుపుతారు.

సీసా మీద అక్షరాలు చిన్నవి. కళ్లజోడు పెట్టుకుని, మూత తీయకముందే చదువుకోవాలి.